చెడు కబురు పైకి ఎంత త్వరగా వెళ్తోంది?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పెద్ద కంపెనీల గురించే. పోయిన సంచికలో ఫ్యాక్టరీ ఉద్యోగం గురించి నేను రాసిన నాలుగు మాటలు చాలామందిని కదిలించినట్టున్నాయి. కొత్తగా చదువుతున్నవారికి ఒక మాట: నేను ముప్ఫయ్యొక్క ఏళ్లు బహుళజాతి తయారీ సంస్థల్లో పనిచేశాను. షిఫ్ట్ ఇంజినీరుగా మొదలై, చివరి తొమ్మిదేళ్లు నాలుగు దేశాల్లోని ప్లాంట్ల ఉత్పత్తి బాధ్యత చూశాను. ఈ జవాబుల్లో ఉన్నది ఎక్కువగా కళ్లారా చూసిందీ, స్వయంగా పడిందీ.

*

ప్రశ్న: సర్, నేను ఒక బహుళజాతి కంపెనీ ప్లాంట్‌లో ప్రొడక్షన్ ఇంజినీర్‌ని. చేరి రెండేళ్లయింది. మా ప్లాంట్‌ని ‘హై పెర్ఫార్మింగ్ ఆర్గనైజేషన్’ చేయాలని ఏడాదిగా మీటింగుల మీద మీటింగులు. యంత్రాల పనితీరుని కొలిచే ఓఈఈ అనే అంకె 85 శాతం దాటిందని గేటు దగ్గర పెద్ద బోర్డు కూడా పెట్టారు. లోపల పనిచేసే మాకు మాత్రం అంత గొప్పగా ఏమీ అనిపించడం లేదు. నేను చూసే తీరులోనే లోపం ఉందంటారా? – ఒక ప్రొడక్షన్ ఇంజినీర్

జవాబు: మీరు చూసే తీరులో లోపమేమీ లేదు. బోర్డు మీది అంకె ఒకటి, షాప్ ఫ్లోర్‌లో జరిగేది మరొకటి అని మీకు రోజూ కనిపిస్తోంది. దాన్ని నమ్మండి.

ముందు ఆ అంకె సంగతి చూద్దాం. యంత్రం నడవాల్సిన సమయంలో ఎంతసేపు నడిచింది, ఉండాల్సిన వేగంతో నడిచిందా, తీసిన ముక్కల్లో మొదటిసారే సరిగ్గా వచ్చినవెన్ని, ఈ మూడు శాతాలనీ గుణిస్తే వచ్చేదే ఓఈఈ. 90, 95, 99 శాతాలను గుణిస్తే ఇంచుమించు 85 వస్తుంది. యంత్రాల సంరక్షణలో ఆపరేటర్లతో సహా అందరికీ పాలు పంచే టీపీఎం పద్ధతికి ఒక రూపం ఇచ్చిన జపాన్ నిపుణుడు సెయిచి నకజిమా పెట్టిన కొలబద్ద అది. మంచి కొలబద్దే. కానీ దాన్ని పెంచుకోవడానికి యంత్రాన్ని బాగుచేయక్కర్లేదు. బ్రేక్‌డౌన్‌ని ‘ప్లాన్డ్ స్టాప్’ అని రాసుకోవచ్చు. ముక్కకి 40 సెకన్లు చాలే చోట స్టాండర్డ్ టైమ్ 46 సెకన్లని పెట్టుకోవచ్చు. రీవర్క్ చేసినవాటిని మంచివాటిలో కలిపేయొచ్చు. ఈ మూడూ చేసిన ప్లాంట్లను చూశాను. ఎవరూ దొంగతనం చేస్తున్నామనుకోలేదు. పైనుంచి టార్గెట్ వచ్చింది, కింద సర్దుకున్నారు, అంతే.

నా అనుభవం ఒకటి చెబుతాను. అప్పట్లో నేను ఒక ప్లాంట్‌కి ప్రొడక్షన్ మేనేజర్‌ని. మా దగ్గర లోహాన్ని నొక్కి ఆకారమిచ్చే ఒక పెద్ద ప్రెస్ ఉండేది, ప్లాంట్ మొత్తానికి అదే గుండెకాయ. ఒక రాత్రి నైట్ షిఫ్ట్ ఆపరేటర్ లాగ్‌బుక్‌లో ‘మెయిన్ మోటర్ వైపు బేరింగ్ దగ్గర శబ్దం వస్తోంది’ అని రాశాడు. మర్నాటి రాత్రి ‘శబ్దం పెరిగింది’ అని రాశాడు. మూడో రాత్రి ‘శబ్దం. మెయింటెనెన్స్‌కి చెప్పాను’ అని రాశాడు. నాలుగో రాత్రి ఏమీ రాయలేదు. అయిదో రోజు మధ్యాహ్నం బేరింగ్ పట్టేసి షాఫ్ట్ దెబ్బతింది. పదకొండు రోజులు ప్రెస్ కదల్లేదు.

తర్వాత ఆ లాగ్‌బుక్ తిరగేస్తుంటే, నాలుగో రాత్రి ఖాళీగా ఉన్న ఆ గీత దగ్గర నా చూపు ఆగిపోయింది. ఆపరేటర్‌ని పిలిచి, తిట్టడానికి కాదని ముందే చెప్పి, ఎందుకు రాయలేదని అడిగాను. ‘‘మూడు రోజులు రాశాను సర్. చదివినట్టు ఎక్కడా గుర్తు లేదు. ఇంకెందుకని మానేశాను’’ అన్నాడు. ఆ ప్రెస్‌కి నెల ముందే సర్వీసింగ్ జరగాలి. నెలాఖరు డిస్పాచ్ ఉందని దాన్ని వాయిదా వేస్తూ సంతకం పెట్టింది నేనే. ప్రెస్ ఆగిన ముందు రోజు కూడా మా బోర్డు మీద ఓఈఈ 87 అని ఉంది.

ఆ మర్నాటి నుంచి లాగ్‌బుక్‌లో ఇంకో గడి గీయించాను. ఆపరేటర్ ఏం రాసినా, పక్కనున్న ఆ గడిలో ఎవరు చూస్తారు, ఎప్పటికల్లా అన్నది ఎర్ర సిరాతో రాయాలి. రోజూ పొద్దున షిఫ్ట్ మారేటప్పుడు నేనే ప్రెస్ దగ్గరికి వెళ్లి, దిగే ఆపరేటర్, ఎక్కే ఆపరేటర్ ఇద్దరి ముందూ చదివేవాణ్ణి. పది నిమిషాల పని. మొదటి రెండు వారాలు ‘అంతా ఓకే’ అనే రాశారు. మూడో వారం నుంచి నిజాలు రావడం మొదలైంది. నూనె కారుతోంది, గార్డు బోల్టు వదులైంది, పాత డై అంచు అరిగింది అంటూ రాసేవారు. ఆ నెల మా అంకెలు పడ్డాయి, ఎందుకంటే అప్పుడే అవి నిజం చెప్పడం మొదలుపెట్టాయి. హెడ్డాఫీసుకి సంజాయిషీ రాసుకోవాల్సి వచ్చింది. రాశాను. ఆర్నెల్ల తర్వాత పెరిగిన అంకె మాత్రం ఎవరూ సర్దింది కాదు.

అందుకే, మంచి సంస్థ అంటే ఏమిటని ఎవరడిగినా నేను మొదట చూసేది ఒకటే. అక్కడ చెడు కబురు కింది నుంచి పైకి ఎంత త్వరగా వెళ్తోంది, తెచ్చినవాడికి ఏం జరుగుతోంది అని.

ఈ విషయం మీద పరిశోధనలు లేకపోలేదు. నెదర్లాండ్స్‌కి చెందిన ఆండ్రే డి వాల్ అయిదు లక్షణాలు తేల్చారు. మేనేజ్‌మెంట్ నాణ్యత, అరమరికలు లేకుండా మాట్లాడుకుని వెంటనే పనిలోకి దిగడం, దూరదృష్టి, ఆగకుండా మెరుగుపడటం, మనుషుల నాణ్యత. వీటితో నాకు పేచీ లేదు. అయితే ముప్ఫయ్యేళ్లు చూశాక నాకనిపించేది, రెండోది లేకపోతే మిగతా నాలుగూ కాగితం మీదే ఉంటాయని.

ఆర్థికవేత్తలు నికొలస్ బ్లూమ్, జాన్ వాన్ రీనన్ బృందం అనేక దేశాల్లో వేలాది ఫ్యాక్టరీల మేనేజ్‌మెంట్ తీరుకు మార్కులు వేసింది. వాళ్లు మేనేజర్లను చివర్లో ఒక ప్రశ్న అడిగేవారు, మీ సంగతి పక్కన పెట్టి మీ సంస్థ మేనేజ్‌మెంట్‌కి పదికి ఎన్ని మార్కులు వేస్తారని. ఎక్కువమంది తమ సంస్థకి మంచి మార్కులే వేసుకున్నారు. ఆ మార్కులకీ, సంస్థ అసలు పనితీరుకీ పొంతన లేదని తేలింది. మీ గేటు దగ్గర బోర్డు పెట్టినవాళ్లు కూడా మనస్ఫూర్తిగానే పెట్టి ఉంటారు. మీరు చేయగలిగింది ఒకటుంది. మీ లైన్ వరకైనా ఆ అంకె వెనకున్న మూడు శాతాలనీ విడివిడిగా, వారంపాటు, మీ చేత్తో లెక్కవేయండి. తేడా వస్తే నిందలా కాకుండా లెక్కలా మీ మేనేజర్ ముందు పెట్టండి. ఆయన దాన్ని ఎలా తీసుకుంటారన్నది చూస్తే, మీరు అడిగిన ప్రశ్నకు జవాబు నాకంటే బాగా మీకే తెలుస్తుంది.

*

ప్రశ్న: లైన్ ఆపే అధికారం ఆపరేటర్‌కే ఇవ్వాలని ట్రైనింగ్‌లో చెప్పారు. అయిన దానికీ కాని దానికీ ఆపేస్తే మా టార్గెట్ ఏం కాను? ఆ టెన్షన్ మాది కదా? – ఒక లైన్ సూపర్‌వైజర్

జవాబు: మీ టెన్షన్ నాకు అర్థమవుతుంది, నేనూ అక్కడ నిలబడినవాణ్ణే. అయితే లైన్ ఆపడానికి ఆపరేటర్‌కి అందుబాటులో పెట్టే తాడు పనిచేసే పద్ధతి గురించి చాలామందికి ఉన్న అపోహ మీకూ ఉన్నట్టుంది. టయోటా ప్లాంట్లలో ఆపరేటర్ తాడు లాగగానే లైన్ ఆగిపోదు. దీపం వెలుగుతుంది, పాట మోగుతుంది. టీమ్ లీడర్ పరుగున వస్తాడు. బండి ఆ స్టేషన్ హద్దు దాటేలోపు సమస్య తేలిపోతే ఇంకోసారి తాడు లాగుతారు, లైన్ నడుస్తూనే ఉంటుంది. తేలకపోతేనే ఆగుతుంది. అంటే అది ముందుగా సాయం కోసం పిలుపు. ఆపరేటర్ పిలిచిన కొన్ని సెకన్లలోనే మనిషి వచ్చి పక్కన నిలబడతాడన్న భరోసా ఉంటేనే అది పనిచేస్తుంది. చాలా కంపెనీలు తాడు కొనుక్కున్నాయి, ఆ మనిషిని పెట్టడం మర్చిపోయాయి.

ఈ ఆలోచన కార్ల కంటే పాతది. సకిచి టొయొడా 1924లో పూర్తి చేసిన ఆటోమేటిక్ మగ్గం, పోగు తెగితే దానంతట అదే ఆగిపోయేది. తెగిన పోగుతో గజాలకొద్దీ పాడుబట్ట నేయడం కన్నా ఆగడమే లాభమని ఆయన లెక్క. కొడుకు కార్ల కంపెనీ పెట్టినప్పుడు ఆ లెక్క కూడా వెంట వచ్చింది.

ఇక మనుషుల సంగతి. కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ అనే చోట జనరల్ మోటార్స్‌కి ఒక ప్లాంట్ ఉండేది. గొడవలకి, నాసిరకం కార్లకి పేరు మోసింది. రోజూ అయిదుగురిలో ఒకరు పనికి వచ్చేవారు కాదు. 1982లో మూసేశారు. 1984లో టయోటాతో కలిసి అదే ప్లాంట్‌ని ‘నూమీ’ పేరుతో మళ్లీ తెరిచారు. పాత యూనియన్ ఉంది, పనివాళ్లలో ఎక్కువమంది పాతవాళ్లే. వాళ్లలో కొన్ని వందల మందిని జపాన్ పంపి, అక్కడి లైన్ల మీద పక్కపక్కన నిలబెట్టి పని నేర్పించారు. అనతికాలంలోనే ఆ ప్లాంట్ కార్లు జపాన్‌లో తయారైన వాటికి దీటుగా వచ్చాయి, పనికి రానివారి సంఖ్య వందకు రెండు మూడుకి పడిపోయింది. మనుషులు అదే మనుషులు. ‘ఏం జరిగినా సరే లైన్ ఆపొద్దు’ అన్న మాట పోయి, ‘తేడా కనిపిస్తే పిలు’ అన్న మాట వచ్చింది.

ఆ ప్లాంట్ కళ్లెదుటే ఉన్నా జనరల్ మోటార్స్ తన మిగతా ప్లాంట్లకి ఆ పద్ధతి పాకించడానికి ఏళ్లూ పూళ్లూ పట్టింది. ఈ ముక్క నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

మా ప్లాంట్‌లో బటన్ పెట్టినప్పుడు మొదటి వారం ఒక్కరూ నొక్కలేదు. రెండో వారం ఒకావిడ నొక్కింది. వాషర్ ఒకటి తిరగబడి బిగిసింది. సూపర్‌వైజర్ మొహం చిట్లించుకుంటూ వెళ్తుంటే నేను ముందే చేరుకుని, ఆ వాషర్‌ని అరచేతిలో పెట్టుకుని, అందరికీ వినపడేలా ఆవిడకి థాంక్స్ చెప్పాను. ఆ వాషర్ రెండు వైపులా చూడ్డానికి ఒకేలా ఉంటుంది. తిరగబడినా తెలియదు, వంద మందిలో ఎవరైనా పొరపడతారు. వారం తిరక్కుండా అది ఒకే వైపు కూర్చునేలా, దాన్ని పట్టి ఉంచే ఫిక్స్చర్ మార్పించాం. ఆ మధ్యాహ్నం మేం పోగొట్టుకున్నది నాలుగు నిమిషాలు. మీ టార్గెట్‌లో ఆ నాలుగు నిమిషాలకి ముందే చోటుండాలి. అది మీ పైవాళ్ల పని, మొహమాటపడకుండా అడగండి.

*

ప్రశ్న: లాభాల మీద దృష్టి పెట్టడం తప్పన్నట్టు మీరు రాస్తుంటారు. వాటాదారులకి లాభం ఇవ్వని కంపెనీని గొప్ప సంస్థ అని ఎలా అంటాం? – ఒక ఎంబీఏ విద్యార్థి

జవాబు: లాభం లేకుండా ఏ సంస్థా నిలవదు, అందులో వాదం లేదు. అది ఏ దారిలో వస్తుందన్నదే నా మాట.

1987లో అల్యూమినియం కంపెనీ అల్కోవాకి పాల్ ఓనీల్ అధిపతి అయ్యారు. పెట్టుబడిదారులతో మొదటి సమావేశంలో లాభాల కబుర్లు పక్కన పెట్టి, పనివాళ్ల భద్రత గురించి మాట్లాడారు. ఏ ఒక్కరికి దెబ్బ తగలకూడదన్నదే తన లక్ష్యమన్నారు. విన్నవాళ్లలో కొందరు వాటాలు అమ్ముకోవడానికి పరిగెత్తారట. ఆయన పెట్టిన నిబంధన చూడండి. ప్రపంచంలో ఏ ప్లాంట్‌లో ఎవరికి దెబ్బ తగిలినా 24 గంటల్లో ఆ విభాగం అధిపతే తనకు చెప్పాలి, మళ్లీ జరగకుండా ఏం చేస్తారో కూడా చెప్పాలి. ఆలోచించండి, ఒక రోజులో ఆ కబురు అంత పైకి రావాలంటే ఫోర్‌మన్ నుంచి విభాగాధిపతి దాకా మధ్యలో ఉన్న ప్రతి మెట్టూ మేలుకుని ఉండాలి. దెబ్బ ఎందుకు తగిలిందో చెప్పాలంటే యంత్రం, పద్ధతి, కరెంటు, మనిషి అలసట అన్నీ తెలిసి ఉండాలి. అవన్నీ తెలిసిన చోట నాణ్యతా, ఉత్పత్తీ బాగుపడక తప్పదు. ఒక యువ కార్మికుడు యంత్రం తగిలి చనిపోయినప్పుడు, ఆ మరణానికి బాధ్యత తనదీ, తన అధికారులదీ అని ఆయన వాళ్ల ముందే ఒప్పుకున్నారు. దెబ్బల వల్ల పనిరోజులు పోవడం వంద మందికి ఏడాదికి 1.86 నుంచి 2000 నాటికి 0.2కి తగ్గింది. ఆ కాలంలో లాభాలు కూడా ఎన్నో రెట్లు పెరిగాయి.

రెండో వైపు చూడండి. బోయింగ్ 2001లో తన హెడ్డాఫీసుని విమానాలు తయారయ్యే సియాటిల్ నుంచి షికాగోకి మార్చుకుంది. 2018 అక్టోబరులో, 2019 మార్చిలో రెండు 737 మ్యాక్స్ విమానాలు కూలి 346 మంది చనిపోయారు. 2024 జనవరి 5న ఇంకో మ్యాక్స్ గాల్లో ఉండగా తలుపు స్థానంలో బిగించిన ప్యానెల్ ఊడిపోయింది. దాన్ని పట్టి ఉంచాల్సిన నాలుగు బోల్టులు బిగించనే లేదని దర్యాప్తులో తేలింది. పక్కనున్న రివెట్లు బాగుచేయడానికి ఆ ప్యానెల్ తీశారు. తీసినట్టు రికార్డు దొరకలేదు. తీసినట్టు రాసి ఉంటే, మళ్లీ బిగించారా అని చూడాల్సిన మనిషి చూసేవాడు. నేను ఆ వార్త చదివిన రోజు నా కళ్లముందు మా ప్రెస్ లాగ్‌బుక్‌లోని ఖాళీ గీతే మెదిలింది. మాది పదకొండు రోజుల నష్టంతో పోయింది. అక్కడ విమానం నిండా మనుషులున్నారు.

హెడ్డాఫీసు దూరమవడం వల్లే ఇదంతా జరిగిందని అనను, కారణాలు చాలా ఉన్నాయి. కానీ నిర్ణయాలు తీసుకునేవాళ్లకి హ్యాంగర్ చప్పుడు వినపడనంత దూరం అయితే, ఆ దూరాన్ని నింపేవి అంకెలే. అంకెలు ఏం చేస్తాయో మొదటి జవాబులోనే చెప్పాను.

*

ప్రశ్న: మా కంపెనీకి పన్నెండు దేశాల్లో ప్లాంట్లున్నాయి. ఒకచోట బాగా నడిచిన పద్ధతిని అన్ని చోట్లా ఒకేలా పెట్టాలా, ఏ ప్లాంట్ తీరు దానికే వదిలేయాలా? దీని మీద మా కార్పొరేట్ ఆఫీసులో రోజూ వాదనే. – కార్పొరేట్ ఆఫీసు ఉద్యోగి

జవాబు: రెండు కొసలూ ప్రయత్నించినవాళ్లు ఉన్నారు. ఇంటెల్ ‘కాపీ ఎగ్జాక్ట్‌లీ’ అని పెట్టుకుంది. కొత్త చిప్ ఫ్యాక్టరీని పాతదానికి అచ్చు నకలుగా, యంత్రాలూ గొట్టాలతో సహా కడుతుంది. చిప్ తయారీలో ఏ చిన్న తేడా ఎక్కడ దెబ్బతీస్తుందో ముందుగా ఎవరికీ తెలియదు కాబట్టి అక్కడ అది సబబే. 1988లో స్వీడన్, స్విట్జర్లాండ్ కంపెనీలు కలిసి పుట్టిన ఏబీబీ రెండో దారి పట్టింది. దాని తొలి అధిపతి పెర్సీ బార్నెవిక్ దాన్ని, ఎవరి లాభనష్టాలు వాళ్లే చూసుకునే దాదాపు 5,000 లాభ కేంద్రాలుగా విడగొట్టి, హెడ్డాఫీసుని చాలా చిన్నది చేశారు. కొంతకాలం ప్రపంచమంతా దాన్ని మెచ్చుకుంది. తర్వాత ఆ నిర్మాణాన్ని కంపెనీయే పలుమార్లు మార్చుకుంది.

నేను నాలుగు దేశాల్లో పాటించింది చెబుతాను. నాలుగు విషయాల్లో ఎక్కడా తేడా ఒప్పుకోలేదు. భద్రత, నిజాయితీ, కస్టమర్‌కి వెళ్లే వస్తువు నాణ్యత, ఇంకా అంకెల నిర్వచనం. ఈ చివరిదాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఒక ప్లాంట్‌లో అయిదు నిమిషాలు ఆగితే బ్రేక్‌డౌన్, ఇంకో ప్లాంట్‌లో ఇరవై నిమిషాలు ఆగితేనే బ్రేక్‌డౌన్ అనుకుంటే, ఆ రెండు ప్లాంట్లనీ పక్కపక్కన పెట్టి చూపించే చార్టు అబద్ధమే. మిగతావన్నీ, అంటే షిఫ్టులు ఎలా వేసుకోవాలి, మీటింగ్ ఎలా నడపాలి, ఎవరిని ఎలా మెచ్చుకోవాలి అన్నవి ప్లాంట్‌కే వదిలేశాను. ఒక దేశంలో తప్పు చేసినవాడు నలుగురిలో లేచి చెప్పేవాడు. ఇంకో దేశంలో అలా చెప్పమంటే ప్రాణం పోయినా చెప్పరు, పక్కకి తీసుకెళ్లి అడిగితే అన్నీ చెబుతారు. కబురు రావడం ముఖ్యం, ఏ దారిన వస్తే ఏం?

మీ కార్పొరేట్ ఆఫీసులో వాదించేవాళ్లకి ఒక విషయం చెప్పండి. నేను పైన చెప్పిన బ్లూమ్ బృందం సర్వేలో, దాదాపు ఏ దేశంలో చూసినా బహుళజాతి సంస్థల ప్లాంట్లు సగటున మెరుగ్గానే నడుస్తున్నాయని తేలింది. అంటే మంచి పద్ధతి దేశాల సరిహద్దులు దాటగలదు. అదే బృందం భారతదేశంలోని బట్టల మిల్లుల్లో ఒక ప్రయోగం చేసింది. కొన్నింటికి సలహాదారుల్ని పంపి మామూలు పనులే చేయించారు. నేల శుభ్రం చేయడం, నూలు నిల్వ లెక్కగా సర్దుకోవడం, లోపాలు ఏ రోజుకారోజు రాసుకోవడం లాంటివి. మొదటి ఏడాదిలోనే ఉత్పాదకత 17 శాతం పెరిగింది. పద్ధతులు అంత మామూలువి. అక్కడి మేనేజర్లలో చాలామంది వాటి గురించి ముందు వినలేదు, విన్నవాళ్లు తమకి అవసరం లేదనుకున్నారు. ప్లాంట్‌కి పీపీటీలు పంపడం మాని, నెలకో వారం మీరే వెళ్లి లైన్ పక్కన నిలబడండి.

*

ప్రశ్న: మేం ఒక పెద్ద బహుళజాతి కంపెనీకి విడిభాగాలు చేసి ఇస్తాం. ఏటా ధర తగ్గించమంటారు, స్టాక్ మాత్రం మా దగ్గరే పెట్టుకోమంటారు. వీళ్లా ఆదర్శ సంస్థ అని అవార్డులు తీసుకునేది? – ఒక చిన్న పరిశ్రమ యజమాని

జవాబు: మీ బాధలో న్యాయం ఉంది. సంస్థ అంటే దాని గోడల లోపలిదే అనుకునేవాళ్లు గొప్ప పనితీరు చూపలేరు.

1997 ఫిబ్రవరి 1 తెల్లవారుజామున జపాన్‌లోని కరియాలో ఐసిన్ కంపెనీ ప్లాంట్ తగలబడింది. బ్రేకుల్లో వాడే పీ-వాల్వ్ అనే చిన్న భాగం, టయోటాకి కావలసిన దాంట్లో 99 శాతం అక్కడే తయారయ్యేది. టయోటా దగ్గర ఉన్న నిల్వ చాలా తక్కువ. లైన్లు ఆగిపోయాయి. అప్పుడు అరవైకి పైగా సంస్థలు, ఐసిన్ ఇచ్చిన డ్రాయింగులు పట్టుకుని, తమ దగ్గరున్న యంత్రాలతో ఆ వాల్వులు చేయడం మొదలుపెట్టాయి. కార్ల భాగాలు ఎప్పుడూ చేయని కుట్టుమిషన్ల కంపెనీ బ్రదర్ కూడా వాటిలో ఉంది. ధర ఎంత, ఎవరికి ఎంత అన్న బేరాలు ముందు ఎవరూ పెట్టుకోలేదు. వారం పది రోజుల్లో ఉత్పత్తి గాడిన పడింది. అలాంటి సాయం కష్టం వచ్చిన రోజున అడిగితే వచ్చేది కాదు. అంతకు ముందు ఏళ్ల తరబడి ఎలా మెలిగారన్న దాని మీద ఉంటుంది.

2011 మార్చి 11 భూకంపంలో చిప్‌లు చేసే రెనెసాస్ ప్లాంట్ దెబ్బతిన్నాక, టయోటా తన పద్ధతినే కాస్త మార్చుకుంది. కొన్ని నెలలకు సరిపడా చిప్‌లు నిల్వ ఉంచమని సరఫరాదార్లని కోరింది. 2021 మొదట్లో ప్రపంచమంతా చిప్‌ల కొరతతో కార్ల లైన్లు ఆగినప్పుడు కొన్ని నెలలు నిలదొక్కుకోగలిగింది. తర్వాత ఆ ఏడాదే అది కూడా ఉత్పత్తి తగ్గించుకోక తప్పలేదనుకోండి.

మీ కస్టమర్‌ని ఈసారి కలిసినప్పుడు ధర మాట పక్కన పెట్టి, మీ దగ్గర ఖర్చు ఎక్కడ పెరుగుతోందో వచ్చి లైన్ మీద చూడమనండి. మంచి సంస్థ అయితే ఇంజినీర్‌ని పంపుతుంది. కొనుగోలు విభాగం నుంచి ఇంకో ఈమెయిల్ మాత్రమే వస్తే, ఇంకో కస్టమర్‌ని వెతుక్కోవడం ఇప్పుడే మొదలుపెట్టండి.

*

ప్రశ్న: నమస్కారమండీ. మా అబ్బాయి మెకానికల్ ఇంజినీరింగ్ పూర్తిచేశాడు. రెండు పెద్ద బహుళజాతి కంపెనీల నుంచి ఆఫర్లు వచ్చాయి. జీతాల్లో పెద్ద తేడా లేదు. ఏది మంచి సంస్థో బయటివాళ్లకి ఎలా తెలుస్తుంది? – ఒక తల్లి

జవాబు: అమ్మా, ఒప్పుకునే ముందు ప్లాంట్ ఒకసారి చూపించమని అడగమనండి. అడిగితే ఏమనుకుంటారో అని జంకక్కర్లేదు. చూపించడానికి ఇష్టపడకపోతే అదీ ఒక సమాచారమే.

లోపలికి వెళ్లాక రిసెప్షన్‌లోని ట్రోఫీల మీద కన్ను వేయొద్దు. పనివాళ్ల టాయిలెట్లు, బట్టలు మార్చుకునే గది చూడమనండి. లైన్ పక్కన అంకెల బోర్డు ఉంటే దాని మీద తేదీ చూడాలి. నిన్నటిదా, నెలక్రితందా? బోర్డు మీద ఎర్ర గుర్తులు అసలు లేకపోతే నేనైతే అనుమానిస్తాను. వెంట వచ్చిన మేనేజర్ నడుస్తుంటే ఆపరేటర్లు తలెత్తి పలకరిస్తున్నారా, తల దించుకుంటున్నారా, ఆయనకి వాళ్ల పేర్లు తెలుసా అన్నది కూడా గమనించమనండి. నేల మీద బోల్టు పడి ఉంటే ఆయన వంగి తీస్తాడా, దాటి వెళ్లిపోతాడా?

చివర్లో ‘ఏమైనా అడగాలా’ అని వాళ్లు అంటారు. అప్పుడు, ‘ఈ లైన్‌ని ఆపరేటర్ ఆపిన ఆఖరి సంఘటన చెప్పండి, తర్వాత ఏం చేశారు’ అని అడగమనండి. ‘మా దగ్గర లైన్ ఆగదండీ’ అని గర్వంగా చెప్పేవాళ్లు ఉంటారు. ‘మొన్న మంగళవారం, మూడో స్టేషన్‌లో’ అని మొదలుపెట్టి పూర్తిగా చెప్పుకొచ్చేవాళ్లు ఉంటారు. మా అబ్బాయే అయితే రెండో చోటికి పంపుతాను.